పదకొండు రోజులు దాచిన కాగితం

మంగళవారం, పొద్దున పదకొండు గంటల ఇరవై నిమిషాలు. డాక్టరమ్మ గది గోడకున్న గడియారం నేనే చూసి చెబుతున్నాను, ఎవరినీ అడిగి కాదు. పదేళ్ళ క్రితమైతే అడగాల్సి వచ్చేది. విజయవాడలో ఆ ఆసుపత్రి రెండో అంతస్తులో డాక్టరమ్మ ఒక కవరు చింపి, లోపలి కాగితాలు రెండుసార్లు తిరగేసి, మా వాడి వైపు చూసి అంది.

"ఇది టీబీ కాదండీ. లింఫోమా. ఒంట్లో బిళ్ళలు కడతాయి చూడండి, వాటిల్లో వచ్చే కేన్సరు. అందులో ఏ రకమో కూడా తేలిపోయింది. ఈ రకానికి మంచి మందుంది."

కేన్సరన్న మాటా మంచి మందుందన్న మాటా ఒక్క గుక్కలో వింటే మనిషి ఏడవాలో నవ్వాలో తెలీదు. మా కోడలు రెండూ చేసింది. నేను గడియారం చూశాను.

ఆ కాగితం అంతకు పదకొండు రోజులు ముందే రావాల్సింది. ఆలస్యం చేసింది ఆసుపత్రి కాదు, కొరియరు వాళ్ళు కాదు. నేను. ఎలా చేశానో రాస్తున్నాను.

మాది ఉయ్యూరు దాటాక కాలువ గట్టు వెంబడి లోపలికి వెళ్ళే ఊరు. నాకు అరవై ఐదు. మొన్నమొన్నటి దాకా విత్తనాల చేలో కూలికి పోయేదాన్ని. నాట్లూ కలుపులూ అందరూ చేస్తారు. నాకు పేరొచ్చింది కేళీలు ఏరడంలో. విత్తనం కోసం పెంచే చేలో ఒకే రకం వరి ఉండాలి. ఎక్కడో ఒక గింజ కలుస్తుంది, వేరే రకం మొక్క మొలుస్తుంది. అదే కేళీ. నాలుగు వేళ్ళు ఎత్తు పెరిగినా, ఆకు రంగు పిసరంత తేడా ఉన్నా, వెన్ను, అదే కంకి, రెండు రోజులు ముందు తీసినా పట్టుకుని వేళ్ళతో సహా పీకి గట్టు మీద పడెయ్యాలి. మేస్త్రీ నన్ను ముందు వరసలో పెట్టేవాడు. "ఆ పెద్దావిడ వెళ్ళిన దారిలో మళ్ళీ చూడక్కర్లేదు" అనేవాడు. కళ్ళున్నాయని నాకు గర్వం.

యాభై ఐదో ఏట ఇంకో గర్వం తోడైంది. మా చర్చి అమ్మగారు, అంటే పాస్టరు అయ్యగారి భార్య, మధ్యాహ్నాలు కూలి ఆడవాళ్ళని కూర్చోబెట్టి అక్షరాలు నేర్పింది. బైబిలు వాక్యం మన కళ్ళతో మనమే చదువుకోవాలని ఆమె పట్టుదల. పదకొండు మందిమి మొదలుపెడితే ఇద్దరం మిగిలాం. ఏడాదిన్నర పట్టింది. ఆ తర్వాత నన్ను పట్టుకునేవాళ్ళు లేరు. కరెంటు బిల్లు నేనే చదవాలి, మందు సీసా మీద రాత నేనే చదవాలి, ఇంటికి ఏ కాగితమొచ్చినా ముందు నా చేతికే రావాలి. మా కోడలు అనేది, "అత్తయ్యా, పెళ్ళి కార్డు కూడా మీరు చదివాకే మేం పెళ్ళికెళ్ళాలా?" అని. అవునన్నాను.

ఇంట్లో మేం నలుగురం. నేను, మా వాడు, కోడలు, పదో తరగతి చదివే మనవరాలు. మా ఆయన పోయి ఆరేళ్ళయింది. మా వాడికి నలభై. హనుమాన్ జంక్షన్‌లో లారీలకి కమాన్లు మార్చే షెడ్డులో పని. ఇనుప పట్టీల కట్టలు భుజాన మోసే మనిషి. అలాంటివాడికి మెడ పక్కన రేగిపండంత బిళ్ళ కట్టింది. సాయంత్రమయ్యేసరికి జ్వరం. బనీను తడిసిపోయేంత చెమట. ఉయ్యూరులో చూపిస్తే సూది గుచ్చి తీసి, టీబీలా ఉందన్నారు. రెండు నెలలు టీబీ మాత్రలు మింగాడు. బిళ్ళ తగ్గలేదు, నిమ్మకాయంత అయింది. మనిషి మాత్రం తగ్గాడు. లుంగీ రెండుసార్లు బిగించి కట్టేవాడు.

అప్పుడు విజయవాడ తీసుకెళ్ళాం. అక్కడి డాక్టరమ్మ సూది కాదు, బిళ్ళ మొత్తం కోసి తీయించింది. వారం తర్వాత, ఒక గురువారం, రమ్మంటే వెళ్ళాం. భూతద్దం కింద చూసే డాక్టర్లకి కూడా తేలలేదట. కేన్సరే అనడానికీ లేదు, కాదనడానికీ లేదు. ఇంకో పరీక్ష చెయ్యాలంది. మా వాడినీ కోడలినీ కట్టు మార్చడానికి కిందకి పంపించారు. నేను ఫైలు పట్టుకుని బల్ల దగ్గర నిలబడ్డాను. సిస్టరు ఒక కాగితం ఇచ్చింది.

"మామ్మగారూ, ఇది ఇంట్లో చదివి, మీ అబ్బాయిగారి చేత సంతకం పెట్టించి రేపు తీసుకురండి. ఆయన మెడలోంచి తీసిన ముక్క మైనంలో పెట్టి మా దగ్గరే ఉంచాం. ఈ కాగితం వస్తేనే దాన్ని హైదరాబాదు పంపిస్తాం. మర్చిపోకండి."

"నేను మర్చిపోవడమా? నాకు చదవడం వచ్చు," అన్నాను.

బస్సులో కిటికీ పక్కన కూర్చుని చదివాను. కంకిపాడు వచ్చేసరికి సగం అయింది. పైన పెద్ద అక్షరాలతో ఉంది: జన్యు పరీక్షకు సమ్మతి పత్రం. జన్యు అంటే ఏమిటో తెలీలేదు. కొడుకునీ కోడలినీ అడగడానికి నామోషీ. ఇంటికెళ్ళాక మనవరాల్ని అడిగాను. అది తల ఎత్తకుండా సైన్సు పుస్తకం నా మీదకి తోసింది. "అందులో ఉంది నాయనమ్మా, చదువుకో. నీకు చదవడమొచ్చుగా."

చదివాను. తల్లి నుంచి సగం, తండ్రి నుంచి సగం బిడ్డకి వస్తాయని ఉంది. ఎవరి బిడ్డో వీటిని బట్టి చెప్పొచ్చని కూడా ఉంది. పుస్తకం మూసేశాను.

ఎందుకంటే మా వాడు నా కడుపున పుట్టినవాడు కాదు.

వాడు నా చెల్లెలి బిడ్డ. చెల్లెల్ని కంకిపాడు దగ్గర ఊళ్ళో ఇచ్చారు. వీడిని కన్న పన్నెండో రోజున బాలింత జ్వరంతో పోయింది. బిడ్డ నీరసంగా ఉన్నాడని అక్కడి చర్చిలో గబగబా బాప్తిస్మం ఇప్పించారు. మరిది నెల తిరక్కుండా వేరే పెళ్ళి మాటలు మొదలుపెట్టాడు. నాకప్పటికి పెళ్ళయి ఆరేళ్ళు, పిల్లల్లేరు. ఆ ఏడాదంతా నేనూ మా ఆయనా చెరుకు నరకడానికి వేరే ఊళ్ళో ఉన్నాం. చెల్లెలి ఇంటి నుంచి బిడ్డని అక్కడికే తెచ్చుకున్నాం. సొంతూరు తిరిగొచ్చేసరికి చంకలో బిడ్డ ఉన్నాడు. అక్కడే కాన్పయిందనుకున్నారు అందరూ. మేం కాదనలేదు. నలభై ఏళ్ళు కాదనలేదు. చెల్లెలి ఫోటో మాత్రం గోడకి తగిలించాను. కింద దాని పేరు రాయించాను. వాడికి అది చిన్నమ్మ, అంతే.

ఆ కాగితం మీద వాడు సంతకం పెడితే హైదరాబాదు నుంచి ఇంకో కాగితం వస్తుంది, అందులో నేను వాడి తల్లిని కాదని అచ్చులో ఉంటుంది, దాన్ని వాడు చదువుతాడు. నాకర్థమైంది అదీ. కాగితం మడిచి ట్రంకుపెట్టెలో చీరల అడుగున పెట్టేశాను.

"ఏమన్నారమ్మా ఆసుపత్రిలో?" అన్నాడు.

"వాళ్ళే ఫోను చేస్తారట. అప్పుడు రమ్మన్నారు."

నాలుగో రోజు కోడలు అడిగింది. ఫోను చేశాను, రిపోర్టు ఇంకా రెడీ కాలేదన్నారు అన్నాను. నాకు ఫోను చెయ్యడం వచ్చని అందరికీ తెలుసు. అదే మంచి సాకయింది. ముఖం మీద కొట్టినట్టు మాట్లాడతానని ఊళ్ళో నాకు పేరు. అలాంటిదాన్ని రోజూ పొద్దున్నే ఒక అబద్ధం తయారుచేసుకుని కూర్చునేదాన్ని.

ఆ తర్వాత వచ్చిన రెండో ఆదివారం చర్చికి బయల్దేరుతుంటే వాడు తెల్లచొక్కా వేసుకున్నాడు. పై గుండీ పెట్టుకోవడం వాడికి అలవాటు. పెట్టబోతే అందలేదు. కోసి తీసిన చోటికి కింద మళ్ళీ రెండు బిళ్ళలు లేచాయి. అద్దంలో చూసుకుని నవ్వాడు.

"ఏమ్మా, చొక్కా ఉతికి కాలరు కుదించేశావా?"

కోడలు నవ్వలేదు. వచ్చి గుండీ తనే పెట్టబోయింది. మెడ మీద వేళ్ళు పెట్టి అలాగే ఉండిపోయింది. "అత్తయ్యా, రేపు మీరు ఫోను చెయ్యొద్దు. నేను వెళ్తాను," అంది.

"నువ్వెందుకు, నేనే వెళ్తాను," అన్నాను. వెళ్ళాలని అప్పటికే తేల్చుకున్నాను. ఆ గుండీ నా కళ్ళలోంచి పోలేదు.

సోమవారం మొదటి బస్సెక్కాను. డాక్టరమ్మ ఇంకా చేతిసంచి కూడా దింపలేదు, ఎదురెళ్ళి నిలబడ్డాను. నాకంటే ఇరవై ఏళ్ళు చిన్నది.

"ఏమ్మా, కాగితం ఏది? సిస్టరు మీ ఇంటికి రెండుసార్లు ఫోను చేసింది."

"చేసింది. నేనే ఎత్తాను. రాంగ్ నంబరన్నాను."

ఆమె కుర్చీలో కూర్చుంది. "ఎందుకు?"

చెప్పాను. చెల్లెలి సంగతి, మనవరాలి పుస్తకం సంగతి. మా ఆయన పోయాక ఆ మాట నా నోట్లోంచి రావడం అదే మొదలు. ఆమె మధ్యలో అడ్డం రాలేదు. అయ్యాక బల్ల మీద చెయ్యి కొట్టింది.

"పదకొండు రోజులా! మామ్మగారూ, అది ఆయన ఎవరి కొడుకో చూసే పరీక్ష కాదు. ఆయన మెడలోంచి తీసిన ముక్కని చూసే పరీక్ష. ఎవరి కొడుకో చూడాలంటే మీ రక్తం కూడా తియ్యాలి కదా? మీ రక్తం తీశామా?"

"లేదు."

"మరి దేంతో పోల్చి చెబుతాం?"

ఆ పుస్తకం అంత శ్రద్ధగా చదివినదాన్ని, ఆ ఒక్క సంగతీ తట్టలేదు.

"మరి జన్యువులంటున్నారు కదమ్మా?"

"జన్యువులు ఒంట్లో ప్రతి కణంలోనూ ఉంటాయి. మీకు ఎలా చెప్పాలి... మీరేం పని చేసేవారు?"

"విత్తనాల చేలో కేళీలు ఏరేదాన్ని."

కేళీలంటే ఏమిటో ఆమెకి తెలీదు. చెప్పాను. ఆమె ముఖం వెలిగింది. కుర్చీ ముందుకి జరుపుకుంది.

"అయితే వినండి. జ్వరానికో టీబీకో బిళ్ళ ఉబ్బితే, అందులో రకరకాల కణాలు కలిసి పెరుగుతాయి. దేని జన్యువు దానిది, ఒకదానికొకటి కలవదు. కేన్సరైతే ఒక్క కణం చెడుతుంది. దాని పిల్లలే బిళ్ళంతా నిండిపోతాయి. అన్నిటికీ ఒకటే ముద్ర. భూతద్దంలో చూస్తే రెండూ ఒకలాగే కనబడొచ్చు. అందుకే జన్యువు చూడాలి."

"అంటే ఆ చేలో అన్ని రకాలూ కలిసి ఉంటే మంచిది. ఒకే రకం ఉంటే చెడ్డది."

"అంతే!"

"మా చేలకి తిరగేసి."

"తిరగేసే," అని నవ్వింది. వెంటనే ఆ నవ్వు తీసేసింది. "ఏ రకం కేన్సరో కూడా దాంట్లోనే తెలుస్తుంది. రకాన్ని బట్టి మందు. రకం తెలీకుండా నేను మందు మొదలుపెట్టలేను. టీబీ మాత్రలతో రెండు నెలలు పోయాయి, ఇప్పుడు మీరు పదకొండు రోజులు. చెల్లెలి సంగతి ఆయనకి చెబుతారో మానతారో మీ ఇష్టం. కాగితం మాత్రం రేపు పొద్దున నా బల్ల మీద ఉండాలి."

బస్సులో కూర్చున్నాక తెలిసింది, చెప్పకుండా కాగితం ఇవ్వడం కుదరదని. ఇన్నాళ్ళు ఎందుకు ఆగిందని వాడు అడుగుతాడు. ఇంకో అబద్ధం వెతికాను, దొరకలేదు. దొరకనందుకు కాస్త ఊరటగా కూడా ఉంది.

ఇల్లు చేరేసరికి మధ్యాహ్నం మూడు. వాడు వసారాలో నులక మంచం మీద గోడకి ఆనుకుని ఉన్నాడు. కోడలు గుమ్మంలో బియ్యం చెరుగుతోంది. ట్రంకుపెట్టె తెరిచి కాగితం తెచ్చి వాడి ఒళ్ళో పెట్టాను. నిలబడే చెప్పాను. కూర్చుంటే చెప్పలేనని తెలుసు.

"ఒరే, ఇది పదకొండు రోజులుగా నా దగ్గరే ఉంది. నేనే దాచాను. ఇందులో నీ పుట్టుక బయటపడుతుందని భయపడ్డాను. నిన్ను కన్నది నేను కాదు. గోడ మీదున్న మీ చిన్నమ్మ."

చేట ఆగింది. వాడు కాగితం చూశాడు, నన్ను చూశాడు.

"తెలుసమ్మా," అన్నాడు.

"ఏం తెలుసు?"

"చిన్నమ్మ సంగతి. నా పెళ్ళప్పటి నుంచి తెలుసు."

"ఎవరు చెప్పారురా?"

"నువ్వే తెచ్చిచ్చావు."

పెళ్ళికి బాప్తిస్మం సర్టిఫికెట్టు కావాలంటే కంకిపాడు దగ్గర ఆ చర్చికి నేనే వెళ్ళాను. ఎవరినీ రానివ్వలేదు. అక్కడి అయ్యగారికి తల్లి పేరు నాదే చెప్పాను. ఆయన తలూపి, పాత రిజిస్టరు తీసి, అందులో ఉన్నది ఉన్నట్టు ఎక్కించి ఇచ్చాడు. నాకప్పటికి ఒక్క అక్షరం రాదు. కాగితం నాలుగు మడతలు పెట్టి, కొంగున ముడేసుకుని తెచ్చి, వాడి చేతిలో పెట్టి, "అన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకోరా" అన్నాను కూడా. చూసుకున్నాడు. తల్లి పేరున్న చోట ఫోటో కింద ఉన్న పేరు చదువుకున్నాడు. "అన్నీ సరిగ్గానే ఉన్నాయమ్మా" అన్నాడు. ఆ మాట నాకు ఇప్పటికీ గుర్తుంది. సరిగ్గా ఉన్నాయన్నాడని ఆ రోజు నేను సంతోషపడ్డాను.

"పదహారేళ్ళు ఎందుకు అడగలేదురా?"

"నువ్వు చెబుతావేమోనని చూశాను. చెప్పలేదు. నువ్వు చెప్పకపోతే నాకేం తక్కువైందని ఊరుకున్నాను."

కోడలు చేట కింద పెట్టి లేచింది. దాని ముఖం ఎర్రగా ఉంది.

"నాకు పెళ్ళయిన వారానికే చెప్పాడు. ఈ పదహారేళ్ళలో మీరూ నేనూ ఎన్ని గొడవలు పడ్డాం అత్తయ్యా? ఒక్కసారన్నా ఆ మాట నా నోట్లోంచి వచ్చిందా?"

రాలేదు. మా ఇద్దరి గొడవలు కాలువ అవతలికి వినబడేవి. ఎన్ని మాటలందో, నేనెన్ని అన్నానో. ఆ ఒక్కటి మాత్రం అనలేదు.

"అందుకని కాదు నా కోపం," అంది. "పదకొండు రోజులు ఈ మనిషి మెడ చూస్తూ కూర్చున్నారు. నేను అడుగుతుంటే ఫోను చేశానన్నారు. ఇటివ్వండి ఆ కాగితం. సంతకం పెట్టాక నేను తీసుకెళ్తాను. ఈసారి మీరు మొయ్యొద్దు."

అన్నట్టే మర్నాడు మొదటి బస్సుకి వెళ్ళి ఇచ్చొచ్చింది. మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు, "కూరలో ఉప్పు చూడండి" అంది. ఉప్పు ఎక్కువైంది. సరిపోయిందన్నాను. జీవితంలో మొదటిసారి.

సరిగ్గా మూడు వారాలకి వచ్చింది ఆ మంగళవారం. డాక్టరమ్మ ఫలితం చెప్పింది. చేనంతా ఒకే గింజ పిల్లలేనట. మా వాడు ఒకటే అడిగాడు.

"ఆ పదకొండు రోజుల వల్ల ఏమన్నా నష్టం జరిగిందా అండీ?"

నా ఎదురుగానే అడిగాడు. అడగాల్సిందే. డాక్టరమ్మ నా వైపు చూడలేదు. "లేదండీ, మందు మారదు. కానీ అన్ని రకాలూ ఇంత ఓపిగ్గా ఉండవు," అంది. తర్వాత పెన్ను తీసింది. "ఇంట్లో పెద్దవాళ్ళకి ఎవరికైనా ఇలాంటి గడ్డలుండేవా? మీ అమ్మగారికి, నాన్నగారికి?"

వాడు నన్ను చూశాడు. నేనే చెప్పాను. "వీడి కన్నతల్లి నా చెల్లెలమ్మా. పంతొమ్మిదో ఏట బాలింత జ్వరంతో పోయింది. గడ్డలేమీ లేవు. తండ్రి సంగతి తెలీదు, కనుక్కుంటాను."

మాతో వచ్చిన మా మనవరాలికి ఆ సంగతి తెలీదు. నోరు తెరిచి నన్నూ వాళ్ళ నాన్ననీ చూసింది. "అంటే నాకు అటు వైపు ఇద్దరు నాయనమ్మలా?"

"ఇద్దరే," అన్నాను. "ఒకరితోనే వేగలేకపోతున్నావుగా, ఇప్పుడు ఇద్దరు."

మందు మొదలుపెట్టడానికి ఇంకో కాగితం ఉంది. రోగితో వచ్చినవాళ్ళు సంతకం పెట్టి, రోగికి ఏమవుతారో పక్కన రాయాలి. సిస్టరు కోడలి వైపు చాచింది. కోడలు దాన్ని తీసుకుని నా ముందు పెట్టింది. మూడు వారాల క్రితం మొయ్యొద్దన్న మనిషి.

"రాయండి అత్తయ్యా. చదవడమొచ్చు, రాయడమొచ్చు అంటారుగా."

సంతకం పెట్టాను. పక్కన తల్లి అని రాశాను. రెండే అక్షరాలు. లకి కింద లవత్తు కాస్త పక్కకి పోయింది, అయినా చదవడానికి వీలుగానే ఉంది.

ఇప్పటికి నాలుగు విడతల మందు ఎక్కించారు. జుట్టు పోయింది, మళ్ళీ పిచ్చుక ఈకల్లా వస్తోంది. జ్వరం లేదు. మొన్న ఆదివారం తెల్లచొక్కా పై గుండీ పెట్టుకున్నాడు. ఇంకా రెండు విడతలున్నాయి. అయ్యాక షెడ్డుకి వెళ్తానంటున్నాడు. ముందు బరువులు మొయ్యకుండా కూర్చుని చేసే పని ఏదన్నా చూసుకోమని కోడలు పోరు పెడుతోంది. ఇద్దరూ గట్టిగానే అరుచుకుంటున్నారు. వినడానికి బాగుంది.

ఆ మంగళవారం ఆ గదిలో ఎవరెవరున్నామో కూడా రాసి ఆపుతాను. కవరు చింపిన డాక్టరమ్మ. ఫైలు పట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డ సిస్టరు, నేను రాంగ్ నంబరన్న అమ్మాయి. పై గుండీ పెట్టుకోకుండా కూర్చున్న మా వాడు. వాడి భుజం మీద చెయ్యి వేసిన నా కోడలు. బడి మానేసి వచ్చిన మనవరాలు. నలభై ఏళ్ళ తర్వాత నలుగురి ముందూ పైకి చెప్పుకున్నాం గనక, నా చెల్లెలు. గోడ పక్కన బల్ల మీద, చేతిలో పెన్నుతో, నేను.